మెడ మీద చిన్న గాటు: గవేన్ కథ నుంచి మనం ఏం నేర్చుకోవచ్చు?

ఫ్రెండ్స్, ముందే ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే. తెలుగులో ఇంత పొడుగు వ్యాసం రాయడం ఇదే మొదటిసారి. ఒత్తులు, దీర్ఘాలు క్లబ్ వాళ్లు చూసుకుంటామన్నారు కాబట్టి ధైర్యం చేస్తున్నాను. విషయం మాత్రం మన ప్రాంతానిది కాదు. మధ్యయుగాల ఇంగ్లండ్‌లో పుట్టిన ఒక నైట్ కథ. నైట్ అంటే రాత్రి కాదండోయ్! రాజు దగ్గర ప్రమాణం చేసి, కవచం తొడిగి, గుర్రం ఎక్కి తిరిగే వీరుడు.

నైట్ల కథల్లో నీతి అనగానే వచ్చే లిస్టు మనకి తెలిసిందే. ధైర్యంగా ఉండాలి, మాట తప్పకూడదు, బలహీనుల్ని కాపాడాలి, ఆడవాళ్లని గౌరవించాలి. స్కూల్లో మోరల్ సైన్స్ పుస్తకం చివర ప్రశ్నల్లా ఉంటుంది. నాకు ఈ లిస్టు మీద పెద్ద నమ్మకం లేదు. ఎందుకంటే ఆ కథలు జనం వింటున్న కాలంలోనే నిజం నైట్లు చేసిన పనులు వేరు. 1337 నుంచి 1453 దాకా ఇంగ్లండ్‌కీ ఫ్రాన్స్‌కీ మధ్య నడిచిన నూరేళ్ల యుద్ధంలో ఇంగ్లిష్ సేనలు ఫ్రాన్స్ పల్లెల మీద పడి, పంటలూ ఇళ్లూ తగలబెట్టుకుంటూ పోయేవి. అదొక యుద్ధ పద్ధతి. ముందుండి నడిపించింది ఈ కవచాల వాళ్లే. అంటే కథల్లో ఉన్నది వాళ్లు ఎలా బతికారన్నది కాదు, ఎలా బతికితే బాగుండునని అనుకున్నారన్నది. ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడాని సూటిగా పట్టుకున్న కథ ఒకటుంది. దాని పేరు 'సర్ గవేన్ అండ్ ది గ్రీన్ నైట్'.

ఇది 14వ శతాబ్దం చివర్లో రాసిన కావ్యం. 2,530 పంక్తులు. కవి ఎవరో తెలియదు. మనకి మిగిలింది ఒకే ఒక్క రాతప్రతి, ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. 1731లో అది ఉన్న భవనానికి నిప్పంటుకుని ఎన్నో పుస్తకాలు కాలిపోయాయి, ఇది మాత్రం బయటపడింది. బ్యాకప్ లేని ఒకే ఒక్క కాపీ అన్నమాట, తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె జారుతుంది. 1839లో మొదటిసారి అచ్చయింది. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాసిన టోల్కీన్ 1925లో ఇంకొకరితో కలిసి దీన్ని పరిష్కరించి వేశాడు. 2021లో దేవ్ పటేల్‌తో సినిమా వచ్చింది. నేను ముందు చూసింది ఆ సినిమానే, హాస్టల్లో ల్యాప్‌టాప్ మీద, సగం నిద్రలో. ముగింపు బోధపడక, సైమన్ ఆర్మిటేజ్ 2007లో ఆధునిక ఇంగ్లిష్‌లోకి తెచ్చిన పుస్తకం పట్టుకున్నాను. సినిమా కథని చాలా మార్చింది. నేను ఇక్కడ చెప్పేది కావ్యంలో ఉన్న కథ.

(ఇంకో సంగతి. ఆ కావ్యంలో ప్రతి పంక్తిలో గట్టిగా పలికే మాటలు ఒకే శబ్దంతో మొదలవుతాయి. చదువుతుంటే మన పద్యాల్లో యతి గుర్తొచ్చింది. ఇంటర్‌లో యతిస్థానం గుర్తించమంటే ఊహించి రాసిన నాకు యతి ఎందుకో ఇంగ్లిష్ పుస్తకం చూసి అర్థమైంది. నవ్వకండి.)

కథలోకి వద్దాం. కొత్త సంవత్సరం రోజు ఆర్థర్ రాజు కొలువులో విందు. ఏదైనా వింత చూస్తే గానీ రాజు ముద్ద ముట్టడు, అదాయన అలవాటు. సరిగ్గా అప్పుడు లోపలికి ఒక భారీ మనిషి గుర్రం మీద వస్తాడు. మనిషి ఆకుపచ్చ, జుట్టు ఆకుపచ్చ, గుర్రం కూడా ఆకుపచ్చే. ఒక చేతిలో హోలీ కొమ్మ, ఇంకో చేతిలో గండ్రగొడ్డలి. ఒక ఆట ఆడదాం అంటాడు. మీలో ఎవరైనా నన్ను ఈ గొడ్డలితో ఒక్క దెబ్బ కొట్టండి, సరిగ్గా ఏడాది తర్వాత నా చోటికొచ్చి అదే దెబ్బ నా చేతిలో తినండి, అదీ ఆట. కొలువంతా గప్‌చుప్. పరువు పోతోందని ఆర్థరే లేచి గొడ్డలి అందుకుంటాడు. అప్పుడు ఆయన మేనల్లుడు గవేన్ అడ్డొచ్చి, ఇక్కడున్న వాళ్లందరిలో బలంలోనూ తెలివిలోనూ తక్కువవాణ్ణి నేనే, నేను పోతే నష్టం తక్కువ, నన్ను ఆడనివ్వండి అంటాడు. ఒక్క వేటుకి ఆకుపచ్చ మనిషి తల తెగి దొర్లుతుంది. ఆ మనిషి పడిపోడు. వెళ్లి తల ఎత్తుకుని గుర్రం ఎక్కుతాడు. చేతిలో ఉన్న తల కళ్లు తెరిచి, ఏడాదికి గ్రీన్ చాపెల్‌కి రా అని చెప్పి వెళ్లిపోతాడు.

మళ్లీ చలికాలం వచ్చేసరికి గవేన్ బయల్దేరతాడు. ఆయన డాలు మీద ఐదు కోణాల నక్షత్రం ఉంటుంది. పెన్ను ఎత్తకుండా ఒకే గీతలో గీస్తాం చూడండి, అదే. కవి దీని గురించే దాదాపు 50 పంక్తులు రాశాడు. ఐదు ఇంద్రియాలు, ఐదు వేళ్లు, క్రీస్తు ఐదు గాయాలు, మేరీమాత ఐదు ఆనందాలు, చివరికి ఐదు గుణాలు: దాతృత్వం, స్నేహం, శుచి, మర్యాద, జాలి. అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఎక్కడా తెగని గీత. మన భాషలో చెప్పాలంటే అదొక సైకిల్. ఒక్క ఎడ్జ్ తీసేస్తే అది ఇక సైకిల్ కాదు. మంచివాడంటే ఇలా ఉండాలని గవేన్ నమ్మాడు. నూటికి నూరు, లేదంటే సున్నా. ఈ డాలుని గుర్తుపెట్టుకోండి, తర్వాత పని ఉంది.

దారిలో పాములు, తోడేళ్లు, రాక్షసులు ఎదురవుతాయి. కవి వాటిని నాలుగు మాటల్లో తేల్చేసి, వాటికంటే చలే ఘోరం అంటాడు. ఇనుప కవచంలో, రాళ్ల మీద, మంచులో పడుకోవడం! క్రిస్మస్ ముందురోజు ఒక కోట కనిపిస్తుంది. కోట దొర ఆదరించి, గ్రీన్ చాపెల్ ఇక్కడికి రెండు మైళ్లు కూడా లేదు, కొత్త సంవత్సరం దాకా హాయిగా ఉండు అంటాడు. పొద్దుపోవడానికి ఒక ఒప్పందం కూడా పెడతాడు. నేను రోజూ వేటకి వెళ్తాను, నువ్వు ఇంట్లో ఉండు, సాయంత్రం నాకు దొరికింది నీకిస్తాను, నీకు దొరికింది నాకివ్వాలి.

దొర వేటకి వెళ్లగానే ఆయన భార్య గవేన్ గదిలోకి వస్తుంది. ఆవిడ మాటలు ఎటు పోతున్నాయో గవేన్‌కి తెలుసు. ఆవిణ్ణి నొప్పించకూడదు, ఆతిథ్యమిచ్చిన మనిషికి ద్రోహం చెయ్యకూడదు. మొదటి రోజు ఒక్క ముద్దుతో బయటపడతాడు. సాయంత్రం దొర జింకల్ని ఇస్తే, గవేన్ ఆయనకి ఆ ముద్దు తిరిగిచ్చేస్తాడు. ఎక్కడ సంపాదించావయ్యా అని దొర అడిగితే, అది చెప్పాలని ఒప్పందంలో లేదు అంటాడు. రెండో రోజు అడవి పంది, రెండు ముద్దులు. మూడో రోజు ఆవిడ బంగారు ఉంగరం ఇవ్వబోతే వద్దంటాడు. అప్పుడు నడుముకున్న ఆకుపచ్చ పట్టు దట్టీ విప్పి, ఇది కట్టుకున్నవాణ్ణి ఎవరూ చంపలేరు, కానీ మా ఆయనకి చెప్పకు అంటుంది. అంటే ఒక రకం తాయెత్తు. మర్నాడు మెడ మీద గొడ్డలి పడబోతున్న మనిషి. తీసుకున్నాడు. సాయంత్రం దొర ఒక నక్క తోలుతో వస్తే, గవేన్ తొందరపడి ముందే మూడు ముద్దులూ ఇచ్చేశాడు. దట్టీ సంగతి ఎత్తలేదు.

నేను పుస్తకం మూసేసింది ఇక్కడే. బాగోలేక కాదు. నా దట్టీ గుర్తొచ్చింది.

మా మినీ ప్రాజెక్టు ఎగ్జామ్ హాళ్లకి సీటింగ్ ప్లాన్ వేసే సాఫ్ట్‌వేర్. ఒకే బ్రాంచ్ వాళ్లు పక్కపక్కన రాకూడదు, బెంచీలు సరిపోవాలి, అదంతా. ముగ్గురం. బ్యాక్‌ట్రాకింగ్ భాగం నాది. పది రోజులు కుస్తీ పట్టినా పెద్ద ఇన్‌పుట్ ఇస్తే ప్రోగ్రామ్ వేలాడిపోయేది. రివ్యూకి రెండు రోజుల ముందు గిట్‌హబ్‌లో ఎవరో ఇలాంటి సమస్యకే రాసిన కోడ్ దొరికింది. ఎంఐటీ లైసెన్స్, అంటే ఎవరైనా వాడుకోవచ్చు, కాపీరైట్ నోటీసు ఉంచితే చాలు. అడిగింది అంతే. నేను ఫైలు పైన ఆయన పేరున్న మూడు కామెంట్ లైన్లు డిలీట్ చేసి, వేరియబుల్స్ పేర్లు మార్చి పెట్టేశాను. రివ్యూలో గైడ్ మేడమ్ ఆ ఫంక్షన్ చూపించి, ఇదెవరు రాశారు అన్నారు. "నేనే మేడమ్." "గుడ్." అంతే, నాలుగు సెకన్లు కూడా పట్టలేదు.

గవేన్‌తో నాకు పోలికేంటి అనుకుంటున్నారా? ఈ కథ నిజంగా చెప్తున్నది ఇదే అనుకుంటున్నాను. గవేన్ తన పరీక్ష గొడ్డలి కింద ఉందనుకున్నాడు. ఏడాదంతా దానికే సిద్ధమయ్యాడు. చాపెల్‌కి దారి చూపించినవాడు, పారిపో, ఎవరికీ చెప్పను అంటే కూడా పోలేదు. ఆ పరీక్షలో ఆయన పాసే. అసలు పరీక్ష మాత్రం ముందురోజు సాయంత్రమే, చలిమంట పక్కన, నవ్వుల మధ్య అయిపోయింది. అది పరీక్షని ఆయనకి తెలియదు. నేనూ అంతే. సెమిస్టర్ ఎగ్జామ్‌లో చిట్టీ పెట్టమంటే చచ్చినా పెట్టను. "ఇదెవరు రాశారు" అన్న ప్రశ్న నాకు పరీక్షలా అనిపించనే లేదు.

చాపెల్ దగ్గర ఏమైందో చూద్దాం. అది గుడి కాదు, గడ్డి మొలిచిన ఒక దిబ్బ. ఎవరో గొడ్డలి నూరుతున్న చప్పుడు. గవేన్ మెడ వంచాడు. మొదటిసారి గొడ్డలి దిగుతుంటే భుజాలు ముడుచుకున్నాడు, ఆకుపచ్చ మనిషి ఆపి ఎగతాళి చేశాడు. రెండోసారి కావాలనే ఆపాడు. మూడోసారి కొట్టాడు, కానీ మెడ మీద చర్మం గీసుకుని మంచు మీద కొంచెం రక్తం పడిందంతే. గవేన్ ఎగిరి దూకి కత్తి దూశాడు, ఒక్క దెబ్బ అయిపోయింది, ఇంకోటి వేస్తే ఊరుకోను అని. అప్పుడు ఆకుపచ్చ మనిషి అసలు సంగతి చెప్పాడు. ఆ కోట దొర బెర్టిలాక్ నేనే. నా భార్యని పంపిందీ నేనే. మొదటి రెండు రోజులూ నువ్వు నిజాయితీగా ఇచ్చావు, అందుకే ఆ రెండు వేట్లూ తగల్లేదు. మూడో రోజు దట్టీ దాచావు, ఈ గాటు దానికి. అదీ అత్యాశతో కాదు, ప్రాణం మీద తీపితో దాచావు, అందుకే నేను నిన్ను పెద్దగా తప్పుపట్టను.

ఇక్కడ ఒక తప్పుకి మూడు తీర్పులు వస్తాయి. ఒకటి బెర్టిలాక్‌ది: తప్పు జరిగింది, కొలత ఇంత, శిక్ష ఇంత, లెక్క సరి. రెండోది గవేన్‌ది. సిగ్గుతో ముఖం ఎర్రబడి, నేను పిరికివాణ్ణి, ఆశపోతుని, అబద్ధాలకోరుని అని తిట్టుకుంటాడు. ఆ దట్టీని జీవితాంతం అవమానానికి గుర్తుగా ఒంటి మీద వేసుకుంటానంటాడు. డాలు మీద నక్షత్రం గుర్తుందా? ఒక్క ఎడ్జ్ తెగితే మొత్తం పోయినట్టే అనుకునే మనిషికి గాటు చిన్నదా పెద్దదా అనేది ఉండదు. మూడోది కొలువు వాళ్లది. గవేన్ తిరిగొచ్చి ఏదీ దాచకుండా చెప్తే, అందరూ హాయిగా నవ్వి, ఇకమీదట మనమందరం ఇలాంటి ఆకుపచ్చ దట్టీ వేసుకుందాం అంటారు. ఆయనకి అవమానం, వాళ్లకి ఫ్యాషన్.

విమర్శకులు ఈ నవ్వు గురించి చాలా వాదించుకున్నారు. అది ప్రేమతో నవ్విన నవ్వు, నువ్వూ మాలాంటి మనిషివే అని చెప్పడం అని కొందరంటారు. విషయం అర్థంకాని నవ్వు అని ఇంకొందరు. నా ఓటు రెండో వాళ్లకే. ఏడాది క్రితం ఆకుపచ్చ మనిషి అడిగినప్పుడు ఒక్కరూ లేవలేదు, వీళ్లు గవేన్‌కి ఏం చెప్తారు? అలాగని గవేన్ తీర్పూ నాకు నచ్చలేదు. తనని తాను అంత ఘోరంగా తిట్టుకోవడంలో కొంచెం గర్వం కూడా ఉంది, నాలాంటివాడు తప్పు చెయ్యడమేంటి అని. అందులో నన్ను నేను చూసుకున్నాను కాబట్టే చెప్తున్నాను. ముగ్గురిలో నాకు నమ్మబుద్ధేసింది గొడ్డలి పట్టుకున్నవాణ్ణే. తప్పుని పెద్దదీ చెయ్యలేదు, మాఫీ కూడా చెయ్యలేదు.

ఇంకొకటి చెప్పకపోతే కథని వెనకేసుకొచ్చినట్టు అవుతుంది. తనని తాను తిట్టుకోవడం అయ్యాక, ఇంత మర్యాదస్తుడూ ఉన్నట్టుండి ఆడవాళ్ల మీద పడతాడు. ఆదాము, సొలొమోను, సమ్సోను, దావీదు అందరూ ఆడదాని వల్లే మోసపోయారు, నేనెంత అంటాడు. చదువుతుంటే ఒళ్లు మండింది. దట్టీ ఇచ్చింది ఆవిడ, నిజమే. దాచింది ఎవరు? పైగా ఆవిణ్ణి పంపింది మొగుడు. ఇదంతా నడిపించింది కోటలో ఉన్న ముసలావిడ మోర్గన్ లె ఫే అని చివర్లో తెలుస్తుంది, అంటే ఆ నింద కూడా ఒక ఆడమనిషి మీదికే. ఐదు గుణాల్లో మర్యాద ఉన్న నైట్, దొరికిపోయిన నిమిషంలో ముందు పారేసింది దాన్నే. తర్వాత చల్లబడి తప్పు నాదే అంటాడనుకోండి. నేను కూడా మొదట, డెడ్‌లైన్ రెండు రోజులే ఉంది, అందరూ చేస్తున్నదే, అసలు సిలబసే అలా ఉంది అని ఎన్ని అనుకున్నానో!

మా అమ్మమ్మకి ఫోన్లో ఈ కథ చెప్తే, "ఇది ఆవు, పులి కథే కదే" అంది. 15వ శతాబ్దంలో అనంతామాత్యుడు రాసిన భోజరాజీయంలో ఉన్న గోవ్యాఘ్ర సంవాదం అదే అని మా తెలుగు క్లబ్ సీనియర్ చెప్పాడు. దూడకి పాలిచ్చి వస్తానని ఆవు మాటిస్తుంది, చెప్పినట్టే పులి దగ్గరికి వచ్చేస్తుంది. ఇద్దరూ చావడానికే మాట ప్రకారం వెళ్లారు, పోలిక బాగుంది. కానీ ఆవు తాయెత్తు కట్టుకుని వెళ్లలేదు. నాకు చిన్నప్పటి నుంచీ ఆ ఆవంటే గౌరవమే గానీ, దాన్ని చూసి నేనూ ఇలా ఉండగలను అని ఎప్పుడూ అనిపించలేదు. గవేన్‌ని చూస్తే అనిపించింది. దట్టీ కట్టుకునే వెళ్లాడు, వణికాడు, తప్పు తెలిశాక కొలువులో నిలబడి తనే చెప్పాడు. మెడ మీది గాటు అప్పటికే మానిపోయింది. కవి ఈ మాట ప్రత్యేకంగా చెప్తాడు. అంటే దాచాలనుకుంటే దాచొచ్చు, చూసినవాళ్లు ఎవరూ లేరు.

పోయిన నెల గైడ్ మేడమ్ దగ్గరికి వెళ్లాను. ముందు టీమ్‌లో మిగతా ఇద్దరికీ చెప్పాను. ఒకడు కొలువు వాళ్లలాగే పగలబడి నవ్వి, "నువ్వేమైనా సత్యహరిశ్చంద్రుడి చెల్లెలివా?" అన్నాడు. ఇంకో అమ్మాయి నవ్వలేదు. "మార్కులు పోతే ముగ్గురికీ పోతాయి, ఆలోచించావా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, గవేన్ కథలోనూ లేదు. ఆయన మెడ ఆయనది ఒక్కడిదే. రెండు రోజులు ఆలోచించి, కోడ్ నేనొక్కదాన్నే పెట్టానని, వాళ్లకి తెలియదని చెప్తానని మాటిచ్చి వెళ్లాను. అది నిజం కూడా.

మేడమ్ విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మార్కర్ నా చేతికిచ్చి, ఆ ఫంక్షన్ బోర్డు మీద వివరించు అన్నారు. సగం దాకా బాగానే చెప్పాను, ఒకచోట ఆగిపోయాను. "అయితే ఇది నీది కాదు, సగం నీది" అన్నారు. ఆయన పేరు ఫైలులో తిరిగి పెట్టి, రిపోర్టులో రాయమన్నారు. నాకు మూడు మార్కులు తగ్గాయి. వాళ్లిద్దరికీ తగ్గించలేదు.

అయినా ఆ అమ్మాయి నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. ముందే చెప్పి ఉంటే నేనే కూర్చుని నీతో కలిసి రాసేదాన్ని కదా, నాకు ఎందుకు చెప్పలేదు అని ఒక్కసారి అడిగింది. మార్కుల సంగతి కాదంట. ఈ వ్యాసం తనకి ముందే చూపించాను. చదివి, రెండు ఒత్తులు దిద్ది ఇచ్చింది.